పసిబిడ్డను పడుకోబెట్టే ముందు చూసుకోవలసినవి

ఏడాది నిండే వరకు బిడ్డను పగలైనా రాత్రయినా వెల్లకిలానే పడుకోబెట్టాలి. పాలు కక్కితే గొంతుకు అడ్డం పడతాయని పెద్దవాళ్లు భయపడతారు గాని, వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం అన్నవాహికకు పైన ఉంటుంది కనుక ఆ భయం అక్కరలేదు. అమెరికాలో 1994 నుంచి ఈ మాటనే విస్తృతంగా ప్రచారం చేశాక, నిద్రలో సంభవించే ఆకస్మిక శిశుమరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

పరుపు గట్టిగా, సమంగా ఉండాలి. అరచేత్తో నొక్కి తీస్తే గుంట మిగలకూడదు. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, పక్కన ఒత్తుగా ఉంచే చిన్న దిళ్లు, బొంతలు, బొమ్మలు ఎంత ముచ్చటగా ఉన్నా తీసివేయాలి.

చీర ఉయ్యాల మన ఇళ్లలో తరాలుగా ఉన్నదే. అయితే బట్ట కుంగి బిడ్డ వీపు వంగినప్పుడు, గడ్డం ఛాతీకి ఆనుకొని ఊపిరి దారి నొక్కుకుపోతుంది. అందుచేత ఊపి జోకొట్టినా, నిద్ర పట్టగానే సమమైన పక్క మీదికి మార్చడమే క్షేమం.

మెడలో దారం, తాయెత్తు, గొలుసు తీసివేయాలి. స్నానం తరువాత సాంబ్రాణి పొగ వద్దు; దోమలకు దోమతెర చాలు. మెడ వెనుక చేయి పెట్టి చూసి, చెమట తగిలితే టోపీ, అదనపు బట్టలు తీయాలి.

కనీసం ఆరు నెలల పాటు బిడ్డ పడుకునే పక్క తల్లి గదిలోనే, ఆమె మంచానికి దగ్గరగా, విడిగా ఉండాలి. అలసటతో కళ్లు మూతపడుతున్న తల్లి సోఫాలో కూర్చుని పాలివ్వకూడదు.