విమానంలో ఎన్ని గంటలు కూర్చోవాలో తేల్చే చిన్న లెక్క

టికెట్ మీద ఎక్కే టైమ్, దిగే టైమ్ ఆయా ఊళ్ల గడియారాల ప్రకారం ఉంటాయి. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి "నాలుగు గంటలేగా" అనుకుని నేనొకసారి బోల్తా పడ్డాను.

ఇప్పుడు గూగుల్ మ్యాప్స్‌లో ఎక్కే ఎయిర్‌పోర్ట్ మీద వేలు నొక్కిపెట్టి, పిన్ పడ్డాక 'మెజర్ డిస్టెన్స్' ఎంచుకుంటాను. మ్యాప్‌ను దిగే ఎయిర్‌పోర్ట్ దాకా జరిపితే కిలోమీటర్లు కనిపిస్తాయి. రోడ్డు దూరం కాదు, నేరుగా గాల్లో దూరం. దాన్ని 800తో భాగించి అరగంట కలపండి. రన్‌వే దాకా మెల్లగా పాకడం, పైకి లేవడం, దిగడం ఆ అరగంటలోకి వస్తాయి. లండన్ నుంచి న్యూయార్క్ సుమారు 5,550 కిలోమీటర్లు, అంటే దాదాపు ఏడున్నర గంటలు.

అదే దారిలో తిరిగి తూర్పుకు వస్తే మాత్రం పైగాలి వెనకనుంచి తోస్తుంది, గంట దాకా తగ్గొచ్చు. మధ్యలో విమానం మారాల్సి ఉంటే ఈ లెక్క నేరుగా పనికిరాదు. ఒక్కో విమానానికి విడిగా వేసుకుని, ఆగే సమయం కూడా కలుపుకోవాలి.