గుల్మార్గ్‌కు కారు మాట్లాడుకునే ముందు అడగవలసిన ప్రశ్న

చలికాలంలో శ్రీనగర్ నుంచి గుల్మార్గ్‌కు డ్రైవరుతో సహా కారు మాట్లాడుకున్నా, మంచు కురిసిన రోజున అది కొండ దిగువన ఉన్న టంగ్‌మార్గ్ ఊరి దగ్గరే ఆగిపోయి, పైకి వెళ్ళడానికి మరో బండికి విడిగా డబ్బు చెల్లించవలసి రావడం చాలామందికి ఎదురయ్యే చికాకు. మొత్తం దూరం సుమారు 50 కిలోమీటర్లే అయినా, చివరి 13 కిలోమీటర్లు మలుపులతో నిండిన ఘాట్ రోడ్డు కావడం వల్ల, మంచు పేరుకున్నప్పుడు ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే) బండ్లను, జారకుండా టైర్లకు చైన్లు బిగించిన బండ్లను మాత్రమే పైకి పంపుతారు.

అందుచేత ధర అడగడానికి ముందే, "మంచు పడితే ఈ బండి గుల్మార్గ్‌లో మా హోటల్ దాకా వస్తుందా? చైన్ల ఖర్చు ఇందులోనే కలిసి ఉందా?" అని అడిగి, జవాబును వాట్సాప్‌లో రాయించుకోండి. రాదంటే టంగ్‌మార్గ్ వరకే ధర కుదుర్చుకొని, అక్కడికి బండి పంపగలరేమో హోటల్ వారిని ముందుగానే అడగండి. రోడ్డు పక్కన చలిలో సామానుతో నిలబడి బేరమాడడం కంటే ఇదే ఎంతో నయమని నా అభిప్రాయం. సొంత స్కీలు తీసుకువెళ్ళేవారు బండి పైన క్యారియర్ ఉందో లేదో కూడా కనుక్కోవాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు కాబట్టి డ్రైవరుకు పోస్ట్‌పెయిడ్ నంబరు ఇవ్వండి.

భారీగా మంచు కురిసి అధికారులు రోడ్డునే మూసివేస్తే మాత్రం ఈ ఏర్పాట్లేవీ పనిచేయవు. కనుక తిరుగు విమానానికి ముందు రాత్రి శ్రీనగర్‌లోనే బస చేయండి.