థిన్నర్ డ్రమ్ములున్న షెడ్డుకు అగ్నిమాపక నిబంధనలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

చిన్న కార్ఖానాలు, గోదాముల్లో భద్రత తనిఖీ చేయడం నా వృత్తి. నేను వెళ్లగానే యజమానులు గోడకు తగిలించిన ఎర్ర సిలిండర్లు చూపిస్తారు. నేను ముందు అడిగేది మాత్రం, లోపల ఏముంది, మనుషులు ఎటు నుంచి బయటపడతారు అని. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016లో నాలుగో భాగమంతా అగ్నిప్రమాదాల గురించే. దాన్ని కూడా ఇదే వరుసలో చదవండి.

నియమావళి భవనాలను వాడకాన్ని బట్టి విభజించింది. ఇళ్లు, దుకాణాలు, కార్ఖానాలు వేర్వేరు వర్గాలు. పేలే సరుకు, ఇట్టే అంటుకునే సరుకు ఉన్నవి ప్రమాదకర వర్గం. 2023 నవంబరులో హైదరాబాద్ బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో నిల్వ చేసిన రసాయనాలు అంటుకుని కనీసం 9 మంది చనిపోయారు. అనుమతి పత్రంలో ఏమని రాసి ఉన్నా, డ్రమ్ములు దిగిన రోజు నుంచి ఆ భవనాన్ని ప్రమాదకర వర్గంగానే చూడాలి.

సరుకు అమ్మినవారిని భద్రతా వివరాల పత్రం అడిగి తీసుకోండి. అందులో ఫ్లాష్ పాయింట్ చూడండి. నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి ఏ ఉష్ణోగ్రత దగ్గర లేస్తుందో అది చెబుతుంది. థిన్నర్లలో వాడే టోలుయీన్ అనే ద్రావకానికి అది సుమారు 4 డిగ్రీలు. అంటే మన ఊళ్లలో చలికాలం తెల్లవారుజామున కూడా అది అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ మురుగు కాలువల్లోకి దిగుతుంది. పెట్రోలియం నిబంధనల ప్రకారం 23 డిగ్రీల లోపు ఫ్లాష్ పాయింట్ ఉన్నవి 'ఎ' తరగతి. అమ్మకానికి కాకపోయినా 30 లీటర్లు దాటితే లైసెన్సు కావాలి. ఒక్క 200 లీటర్ల డ్రమ్ముతోనే ఆ హద్దు దాటేస్తారు.

ఇక దారి. ప్రమాదకర వర్గంలో ఏ మూల నుంచైనా బయటి ద్వారానికి నడక దూరం 22.5 మీటర్లు మించకూడదు. టేపును నేరుగా లాగితే తప్పుడు లెక్క వస్తుంది. చివరి మిషను దగ్గర మొదలుపెట్టి, ర్యాకు చుట్టూ, పేర్చిన డ్రమ్ముల పక్కగా, మనిషి నిజంగా నడిచే దారిలోనే కొలవండి. నక్షాలో 18 మీటర్లున్నది నేల మీద 26 కావచ్చు. తలుపు వెడల్పు కనీసం ఒక మీటరు ఉండాలి, బయటికి తెరుచుకోవాలి. రోలింగ్ షట్టరు, లిఫ్టు బయటపడే దారుల లెక్కలోకి రావు. తెలుగు రాష్ట్రాల్లో వాణిజ్య భవనాలకు 15 మీటర్లు, నివాసాలకు 18 మీటర్ల ఎత్తు నుంచి అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. మీ షెడ్డు అంత ఎత్తు లేదని నడక దూరం, తలుపు కొలతలు వదిలేయకండి.

నన్ను ఎక్కువగా భయపెట్టేది ఖాళీ డ్రమ్ము. థిన్నర్ అయిపోయింది కదా అని మూత కోయడానికి గ్రైండర్ పెడతారు. నిండు డ్రమ్ములో ఆవిరికి చోటు తక్కువ, ఖాళీ డ్రమ్ములో ఉన్నదంతా గాలీ ఆవిరీ కలిసిన, నిప్పురవ్వ పడితే పేలే మిశ్రమమే. ఆ ఆవిరిని పూర్తిగా తొలగించాకే వెల్డింగ్ గానీ కోత గానీ చేయాలి. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్ కూడా ఇదే చెప్పేది. వెల్డింగ్ ఎక్కడ చేసినా చుట్టూ 11 మీటర్ల వరకు మండేవేవీ ఉంచకండి, తీయలేనివి తడి గోనెలతో కాదు, మంటనాపే దుప్పట్లతో కప్పండి. పని ముగిశాక కనీసం గంటసేపు ఒక మనిషిని అక్కడే కాపలా ఉంచమని నేను పట్టుబడతాను.

సిలిండర్ల సంగతి తేలిక. ద్రావకాలకు నురుగు లేదా పొడి, కరెంటు ప్యానెళ్లకు కార్బన్ డయాక్సైడ్. గేజీ ముల్లు పచ్చ గీతల మధ్య ఉందో లేదో నెలనెలా చూడండి. కార్బన్ డయాక్సైడ్ సిలిండరుకు గేజీ ఉండదు, దాన్ని తూకం వేయించాలి.

షెడ్డు పైన రాత్రిపూట కూలీలు పడుకుంటున్నారేమో కనుక్కోండి. 2022 మార్చిలో సికింద్రాబాద్ భోయిగూడలో తుక్కు గోదాము పైన నిద్రిస్తున్న 11 మంది బీహారు కార్మికులు చనిపోయారు. మీ దగ్గరా అలా ఉంటే వాళ్లకు ఈ రాత్రే వేరే చోట పడక చూడండి. లైసెన్సు దరఖాస్తు రేపు రాసుకోవచ్చు.