‘తినేవాణ్ణి’కి స్పానిష్‌లో రెండు రూపాలు: కండిషనల్‌ను కట్టే పద్ధతి

‘చిన్నప్పుడు ఆలస్యంగా తినేవాణ్ణి’ అన్నా, ‘ఆకలి ఉంటే తినేవాణ్ణి’ అన్నా తెలుగులో క్రియ ఒక్కటే. మొదటిది గడిచిపోయిన అలవాటు, రెండవది జరగని ఊహ. స్పానిష్‌లో అలవాటుకు ‘కొమీయ’, ఊహకు ‘కొమెరీయ’ అని వేర్వేరు రూపాలు ఉండడం వల్ల తెలుగు అభ్యాసకులు ముందుగా తడబడేది ఇక్కడే. ఈ రెండవ రూపమే కండిషనల్.

ఆబ్లార్ (మాట్లాడడం), కొమేర్ (తినడం), బిబీర్ (జీవించడం) వంటి మూలరూపాన్ని ఏమాత్రం కత్తిరించకుండా, దాని చివర ప్రత్యయం చేర్చాలి. ‘నేను’కు ఈయ, ‘నువ్వు’కు ఈయస్, ‘అతడు’, ‘ఆమె’, గౌరవవాచకమైన ‘ఉస్తెద్’లకు మళ్లీ ఈయ, ‘మేము’, ‘మనం’ రెంటికీ ఈయమోస్, స్పెయిన్‌లో చనువున్న పలువురిని పిలిచే ‘బొసోత్రోస్’కు ఈయైస్, ‘వాళ్లు’కు ఈయన్ వస్తాయి. ఆర్, ఏర్, ఈర్‌లతో ముగిసే మూడు తరగతుల క్రియలకూ ఇవే ప్రత్యయాలు. ఆరింటిలోనూ రాసేటప్పుడు ‘ఈ’ మీద స్వరచిహ్నం (í) తప్పనిసరి.

కొమేర్ వంటి క్రియల భూతకాలపు అలవాటుకూ ఇవే ప్రత్యయాలు వస్తాయి. లాటిన్‌లో మూలరూపం పక్కన చేరిన ‘హబేబమ్’ అనే భూతకాల సహాయక క్రియ క్రమంగా అరిగి కండిషనల్ ప్రత్యయంగా మారడమే ఇందుకు కారణం. అందువల్ల వినేటప్పుడు ప్రత్యయం కోసం కాక, దానికి ముందున్న ‘ర’ కోసం చెవి పెట్టాలి. ‘కెరేర్’ (కోరుకోవడం) అనే క్రియలో ఈ తేడా మరీ సూక్ష్మం: ‘కెరీయ’ అంటే కోరుకునేవాణ్ణి అనే అలవాటు, ‘ర’ను గట్టిగా అదిరించి పలికే ‘కెర్రీయ’ కండిషనల్.

మూలరూపం మారే ప్రధాన క్రియలు 12 మాత్రమే. భవిష్యత్కాలంలోనూ ఇవే మారతాయి కనుక ఒక్కసారి నేర్చుకుంటే రెండు కాలాలూ పట్టుబడతాయి. తెనేర్, పొనేర్, సలీర్, బెనీర్, బలేర్‌లలో ‘ద’ చొరబడి తెంద్రీయ, పొంద్రీయ, సల్ద్రీయ, బెంద్రీయ, బల్ద్రీయ అవుతాయి. పొదేర్, సబేర్, అబేర్, కబేర్, కెరేర్‌లలో అచ్చు లోపించి పొద్రీయ, సబ్రీయ, అబ్రీయ, కబ్రీయ, కెర్రీయ ఏర్పడతాయి. దెసీర్, అసేర్ మరింత కుదించుకొని దిరీయ, అరీయ అవుతాయి.

మర్యాదగా అడగడానికీ (‘పొద్రీయ అయుదార్మె?’, అంటే ‘నాకు సహాయం చేయగలరా?’), ఒకరు అన్న మాటను తిరిగి చెప్పడానికీ (‘దీహొ కె బెంద్రీయ’, అంటే ‘వస్తానన్నాడు’) ఇదే రూపం వాడతారు. అయితే షరతును తెలిపే ‘సి’ వెంటనే మాత్రం ప్రామాణిక భాషలో కండిషనల్ రాదు. స్పెయిన్ ఉత్తర ప్రాంతాల వాడుకలో ‘సి తెంద్రీయ’ వినిపించినా, రాతలో దాన్ని తప్పుగానే పరిగణిస్తారు. ‘ఉంటే’ అన్నచోట తెనేర్ (కలిగి ఉండడం) క్రియకే మరో రూపమైన ‘తుబియేర’ పెట్టి, ‘తినేవాణ్ణి’ అన్నచోట మాత్రమే కండిషనల్ వాడాలి: ‘సి తుబియేర ఆంబ్రె, కొమెరీయ’, అంటే ‘ఆకలి ఉంటే తినేవాణ్ణి’.