వాన రోజుల ఆటలు – 4వ పాఠం: ‘అవుట్’ లేని స్టాచ్యూ

పోయిన పాఠంలో వెల్లకిలా పడుకుని, పొట్ట మీద బొమ్మ పెట్టుకుని ఊపిరి గమనించే ఆట చెప్పాను. చాలా ఇళ్లలో అది పది లెక్కపెట్టేలోపే బొమ్మలు విసురుకునే ఆటగా మారిందని తెలిసింది. కొందరు పిల్లలు బొమ్మను ఇంకా పైకి లేపాలని బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టారట. ‘మా వాడికి ఏకాగ్రత లేదేమో’ అని ఒకరు టెన్షన్ పడ్డారు. వాడికేం కాలేదు. తప్పు నాది, చివర చెప్పాల్సిన ఆట ముందు చెప్పాను.

పొద్దుటి నుంచి గదిలో ఇరుక్కుపోయిన పిల్లలు పడుకోమంటే పడుకుంటారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సూచనల ప్రకారం 3, 4 ఏళ్ల పిల్లలు రోజంతా కలిపి కనీసం 180 నిమిషాలు కదలాలి. అందులో కనీసం 60 నిమిషాలు ఆయాసం వచ్చే ఆటలే ఉండాలి. వాన పడిందని ఆ అవసరం తగ్గదు కదా.

అందుకే ఇకనుంచి వరస మారుద్దాం. ముందు బరువు పని, తర్వాత మెల్లని పని, ఆ తర్వాతే పడుకోవడం.

బరువు పని అంటే నెట్టడం, లాగడం, మోయడం. రెండు అరచేతులూ గోడకు ఆనించి ‘ఈ గోడను పక్క గదిలోకి నెట్టేద్దాం’ అనండి. బట్టలు నిండిన బుట్టను ఈ మూల నుంచి ఆ మూలకు తోయించండి. చేతులూ కాళ్లూ నేలకు ఆనించి ఎలుగుబంటి నడక, వెల్లకిలా తిరిగి పీత నడక. కండరాల మీద, కీళ్ల మీద బరువు పడితే ఒంట్లో ఏ భాగం ఎక్కడుందో మెదడుకు స్పష్టంగా తెలుస్తుంది. చాలామంది పిల్లలు దీనితో కుదురుకుంటారు. గిరగిరా తిరగడం మాత్రం నేను పెట్టను. ఆగిన తర్వాత కూడా లోపలి చెవిలోని ద్రవం కాసేపు కదులుతూనే ఉంటుంది, అందుకే కళ్లు తిరుగుతాయి. తర్వాత వచ్చేది నిలబడే ఆట, దానికి ఇది చేటు.

గది ఖాళీ చేయడం గురించి మీకు చెప్పక్కర్లేదు. సాక్సులు విప్పించండి, చాలు.

ఇప్పుడు మెల్లని పని. స్టాచ్యూ ఆట అందరికీ తెలిసిందే. పాటలు పెట్టడానికి ఫోన్ తీయకండి, పిల్లల కళ్లు దాని మీదే ఉంటాయి. నేనైతే చప్పట్లు కొడతాను. చప్పట్లు ఆగితే ఆగాలి, అంతే.

ఇక్కడే నాకు ఒళ్లు మండే పని ఒకటుంది. కదిలిన పిల్లను ‘అవుట్’ అని మూల కూర్చోబెట్టడం. ఆలోచించండి. ముందు కదిలేది ఎవరు? ఆగడం ఇంకా రానివాళ్లు. ఆట ఎక్కువ కావాల్సింది ఎవరికి? వాళ్లకే. మనం వాళ్లనే ముందు బయటికి పంపి, ఆగడం వచ్చినవాళ్లతో ఆట సాగిస్తాం. కూర్చున్న పిల్ల ఊరుకుంటుందా? గోడను తన్నుతుంది, ఆడుతున్నవాళ్లను నవ్విస్తుంది. అప్పుడు దానికి అల్లరిపిల్ల అని పేరు పెడతాం. ‘ఒక్కసారే కదా’ అనకండి. ‘ఓడిపోయావు’ అనడమూ అవుటే. ‘చూడు, చెల్లి ఎంత బాగా నిలబడిందో’ అనడం కూడా అవుటే, కాకపోతే తియ్యగా చెప్పిన అవుట్.

దానికి బదులు కదిలినవాళ్లనే అడగండి: ‘ముందు ఏది కదిలింది? కాలా, వేలా, కనురెప్పా?’ మళ్లీ చప్పట్లు. మూడో రౌండుకు పిల్లలే ‘నా మోకాలు వణికింది’ అని చెప్పడం మొదలుపెడతారు. మనం పొట్ట మీద బొమ్మతో చేయించాలనుకున్న గమనింపు ఇదే. బొమ్మ ఆట ఆ తర్వాత పెట్టండి. బొమ్మ పైకి లేవాలని కాదు, మెల్లగా కిందికి దిగాలని చెప్పండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. బిగబట్టే గొడవా ఉండదు.

అభ్యాసం పిల్లలకు కాదు, మీకు. గది ఈ గోడ నుంచి ఆ గోడకు ఆగకుండా నడవండి, కానీ మూడు నిమిషాలు పట్టాలి. చెప్పుల్లేకుండా, ఫోన్ లేకుండా. పిల్లలు చుట్టూ చేరి నవ్వుతారు, నవ్వనివ్వండి. ఒంటికాలి మీద బరువు మారేచోట మీ చీలమండ ఎటు ఊగిందో గుర్తుపెట్టుకోండి. 5వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.