అంతరిక్షంలో కసరత్తు, 3వ పాఠం: స్క్వాట్‌కి ఎంత బరువు పెట్టాలి?

పోయిన పాఠంలో ట్రెడ్‌మిల్ మీద తేలిపోకుండా నడుముకీ భుజాలకీ పట్టీలు కట్టుకుని పరిగెత్తడం నేర్చుకున్నాం. ఈసారి బరువులెత్తే కసరత్తు, అందులోనూ ఎంత బరువు పెట్టాలో లెక్కేయడం. నన్నడిగితే ఈ పాఠాలన్నింటిలో ఇదే ముఖ్యం, ఎందుకంటే సరైన కసరత్తు లేకపోతే తుంటి ఎముక సాంద్రత నెలకి 1 నుంచి 1.5 శాతం దాకా పడిపోతుంది, లెక్క తక్కువైతే మీరు రోజూ గంటలకొద్దీ చేసినా ఆ ఎముకకి సరిపడా ఒత్తిడి అందదు.

అంతరిక్షంలో డంబెల్ పనికిరాదు, అక్కడ దానికి బరువే తెలియదు, తేలిపోతుంటుంది కాబట్టి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి 2008లో ఏరెడ్ అనే యంత్రం పంపారు. అందులో గాలి తీసేసిన సిలిండర్లుంటాయి, వాటి పిస్టన్లు ఎదురు లాగుతుంటే మనం బార్‌ని ఎత్తాలి. సుమారు 272 కిలోల దాకా పెట్టుకోవచ్చు.

ఇక లెక్క. మీరు 70 కిలోలు, భూమ్మీద 40 కిలోల బార్‌ని భుజాల మీద పెట్టుకుని స్క్వాట్ (మోకాళ్లు వంచి కిందికి దిగి మళ్లీ లేవడం) చేస్తారనుకుందాం. మీ కాళ్లు లేపేది 40 కిలోలేనా? కాదు, మీ ఒంటిని కూడా లేపుతున్నాయి. అంతరిక్షంలో ఒంటి బరువు తెలియదు కాబట్టి ఆ వాటా కూడా యంత్రం మీద కలపాలి. అయితే ఒళ్లంతా కాదు, పాదాలు కదలవు, పిక్కలు దాదాపు ఉన్నచోటే ఉంటాయి, తొడలు కొంతే లేస్తాయి, కాబట్టి సుమారుగా ముప్పావు వంతు తీసుకోండి. అంటే 52.5 కిలోలు. దానికి 40 కలిపితే యంత్రం మీద పెట్టాల్సింది 92.5.

ఇప్పుడు లేచి నిలబడి మడమలెత్తి చూడండి. ఏం పైకి లేచింది? పాదాలు తప్ప మొత్తం! అందుకే దీనికి మీ బరువు దాదాపు అంతా కలపాలి. బెంచీ మీద పడుకుని బార్‌ని పైకి నెట్టే బెంచ్ ప్రెస్‌లో ఒళ్లు బెంచీ మీదే ఉంటుంది, చేతుల బరువు కలిపితే చాలు. ఏ భాగం లేస్తుందో దాని బరువు కలపడం, అంతే.

ఒక జాగ్రత్త. భూమ్మీద మీ ఒంటి బరువు ఒళ్లంతా పరుచుకుని ఉంటుంది, యంత్రంలో మాత్రం ఆ 92.5 కిలోలూ బార్ మీంచి భుజాలకీ వెన్నుకీ వస్తాయి. అందుకని మొదటిరోజే అంత పెట్టకండి, తక్కువతో మొదలుపెట్టి కొన్ని వారాల్లో అక్కడికి చేరండి.

మీ బరువుతో స్క్వాట్‌కీ డెడ్‌లిఫ్ట్‌కీ (వంగి కింద ఉన్న బార్‌ని పట్టుకుని నిటారుగా లేవడం) మడమలెత్తడానికీ మూడు అంకెలు రాసి పెట్టుకోండి, వచ్చే పాఠంలో వాటిని వారానికి ఆరు రోజుల మీద ఎలా సర్దాలో చూద్దాం.