నివారణ పరిశోధనలో ఏది ముందు, ఏది తర్వాత: ఒక కమిటీ కార్యదర్శి పద్ధతి

మత్తు పదార్థాల వినియోగాన్ని నివారించడానికి రాష్ట్రం ఏ పరిశోధనలకు డబ్బు ఇవ్వాలో తేల్చే కమిటీలకు కార్యదర్శిగా ఉండటం నా ఉద్యోగం. మినిట్స్ రాసేది నేనే. గదిలో ఎవరు గట్టిగా మాట్లాడారో తెలుసు, చివరి జాబితాలో ఏ అంశాలు మిగిలాయో తెలుసు. పక్కన ఎవరూ అడ్డుకట్ట వేయకపోతే ఆ రెండూ ఒకటే అవుతాయి. ఆ అడ్డుకట్ట ఎలా వేయాలో ఇక్కడ రాస్తున్నాను.

నిపుణుల నుంచి ప్రశ్నలు సేకరించక ముందే ఒక నిర్ణయాల పట్టిక తయారుచేయండి. విద్యాశాఖకు, ఎక్సైజ్ శాఖకు, ఆరోగ్య శాఖకు, పోలీసు శాఖకు ఒకే ప్రశ్న పంపండి: రాబోయే మూడేళ్లలో మీరు తీసుకోబోయే నిర్ణయాలు ఏవి, ఏ నెలలో, ఎవరి సంతకంతో? పాఠ్యపుస్తకాల సవరణ, మద్యం లైసెన్సుల విధానం, దుకాణాల వేళలు, ఉపాధ్యాయుల శిక్షణ బడ్జెట్ వంటివి వస్తాయి. ఏ అధికారం రాష్ట్రానిదో, ఏది కేంద్రానిదో దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఆ గీత కూడా ఇప్పుడే గీయండి. సరిహద్దుల మీదుగా సాగే రవాణా గురించి ఎంత గొప్ప అధ్యయనం చేసినా, దాన్ని వాడుకునే కుర్చీ రాష్ట్రంలో లేకపోతే అది రాష్ట్ర జాబితాలో ఉండకూడదు. ప్రతి పరిశోధన ప్రశ్ననూ ఈ పట్టికలోని ఏదో ఒక వరుసకు తగిలించగలగాలి. తగలనివి చెడ్డ ప్రశ్నలేమీ కావు, విశ్వవిద్యాలయాల సాధారణ నిధులతో చేసుకోవచ్చు.

తర్వాత హాని లెక్కలు బల్ల మీద పెట్టండి. ఇది చేయకపోతే నిన్నటి వార్తే ప్రాధాన్యం అయి కూర్చుంటుంది. ఏదో కొత్త మాత్ర పట్టుబడిన వారం సమావేశం జరిగితే, ఆ మాత్ర తప్ప వేరే మాట వినపడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2019లో మద్యం కారణంగా 26 లక్షల మంది, ఇతర మత్తు మందుల కారణంగా 6 లక్షల మంది మరణించారు. పొగాకు మరణాలు ఏటా 70 లక్షలకు పైనే. మీ రాష్ట్రం లెక్క దీనికి భిన్నంగా ఉండవచ్చు, ఉంటే దాన్నే చూపండి. అయితే మరణాలతోనే ఆగకండి. మొదటిసారి వాడిన వయసు, అత్యవసర విభాగానికి వచ్చిన కేసులు, గత అయిదేళ్లలో పెరిగిందా తగ్గిందా అన్నవి కూడా ప్రతి పదార్థం ఎదురుగా రాయండి.

ఆ పట్టికలో ఖాళీ గడులు కనిపిస్తాయి. పాఠశాల సర్వేలో బడి మానేసిన పిల్లలు ఉండరు. ఇంటింటి సర్వేలో హాస్టళ్లవారు, జైళ్లలో ఉన్నవారు, గూడు లేనివారు ఉండరు. ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారే లెక్కకు చిక్కకపోతే, కొలతే మొదటి ప్రాధాన్యం అవుతుంది. ఒకే ప్రశ్నలను అవే మాటల్లో ఏటా అడగడం చూడటానికి నీరసంగా ఉంటుంది, ఏ పరిశోధకుడికీ పేరు తేదు. ఐస్‌లాండ్ మాత్రం ఆ పనే చేసింది. పాఠశాల సర్వేలు క్రమం తప్పకుండా జరిపి, స్థానిక ఫలితాలను ఆయా పట్టణాలకే తిరిగి ఇచ్చింది. నెలలో ఒక్కసారైనా మత్తెక్కేలా తాగిన పదిహేను, పదహారేళ్ల పిల్లలు 1998లో 42 శాతం ఉంటే, 2016 నాటికి 5 శాతానికి తగ్గారు. అదే కాలంలో ఇతర ఐరోపా దేశాల్లోనూ పిల్లల తాగుడు తగ్గింది కాబట్టి ఘనత అంతా ఒక్క విధానానికే కట్టబెట్టలేం. కానీ కొలత లేకపోతే ఈ వాదనకైనా చోటు ఉండేది కాదు.

ఇక ప్రశ్నలు. మీకు వచ్చేవి చాలావరకు ప్రశ్నలు కావు, శీర్షికలు. ‘యువత – మత్తు – సామాజిక మాధ్యమాలు’ అని ఒక ప్రొఫెసర్ పంపుతారు. దాన్ని వెనక్కి పంపి, ఎవరికి, ఏం చేస్తే, దేనితో పోలిస్తే, ఎంతకాలానికి ఏం మారాలి అన్న నాలుగూ పూరించమనండి. ‘ఏడో తరగతిలో జీవన నైపుణ్యాల పాఠాలను బయటి వక్తలకు బదులు సొంత ఉపాధ్యాయులే చెబితే, రెండేళ్ల తర్వాత పొగాకు మొదలుపెట్టిన పిల్లల సంఖ్య తగ్గుతుందా?’ ఇది ప్రశ్న. దీనికి జవాబు వస్తే శిక్షణ బడ్జెట్‌లో ఒక గీత మారుతుంది.

వచ్చిన ప్రశ్నలను మూడు కుప్పలుగా వేయండి. సమస్య ఎంత, ఎందుకు అన్నది ఒకటి. ఏ ప్రయత్నం పనిచేస్తుంది అన్నది రెండు. పనిచేస్తుందని ఇప్పటికే తెలిసినదాన్ని వందల బడుల్లో, మామూలు సిబ్బందితో, నీరుగారిపోకుండా ఎలా నడపాలి అన్నది మూడు. మొదటి కుప్ప ఎప్పుడూ కొండలా పెరుగుతుంది. మూడోది దాదాపు ఖాళీ. నా అభిప్రాయంలో రాష్ట్రం డబ్బులో పెద్ద వాటా మూడోదానికే వెళ్లాలి. ఉదాహరణకు బాల్టిమోర్‌లో 1980ల మధ్యలో మొదటి తరగతి పిల్లలతో ‘గుడ్ బిహేవియర్ గేమ్’ అనే తరగతి గది పద్ధతిని పరీక్షించారు. తరగతిని జట్లుగా విడదీసి, నియమాలు పాటించిన జట్టుకు బహుమతి ఇవ్వడమే ఆ ఆట, అందులో మాదకద్రవ్యాల మాటే ఉండదు. ఆ పిల్లలకు పంతొమ్మిది నుంచి ఇరవై ఒక్క ఏళ్లు వచ్చాక చూస్తే అబ్బాయిల్లో, ముఖ్యంగా చిన్నప్పుడు దూకుడుగా ఉన్నవారిలో, మాదకద్రవ్యాల సమస్యలు తక్కువగా కనిపించాయి. ఇలాంటిదాన్ని మళ్లీ మొదటి నుంచి కనిపెట్టడం రాష్ట్రం పని కాదు. మూడో ఏడాది కూడా ఉపాధ్యాయులు దాన్ని కొనసాగిస్తారా, ఎంత పర్యవేక్షణ కావాలి, బదిలీలు జరిగితే ఏమవుతుంది అన్నవి రాష్ట్రమే అడగవలసిన ప్రశ్నలు.

ఇప్పుడు అసలు ఇబ్బందికరమైన పని. ప్రస్తుతం నివారణ బడ్జెట్‌లో అత్యధికంగా తింటున్న కార్యక్రమం ఏదో చూసి, దాని మూల్యాంకనాన్ని ఓటింగ్ లేకుండానే జాబితాలో చేర్చండి. దాన్ని నడిపే అధికారి అదే గదిలో ఉంటారు, ముఖం ముడుచుకుంటారు. ఆయన నొచ్చుకోకుండా ‘ఎవరికి, ఏ రూపంలో బాగా పనిచేస్తోంది?’ అని అడగవచ్చు, కానీ అడగడం మాత్రం మానకూడదు. అమెరికాలో పోలీసు అధికారులు బడికి వచ్చి పాఠాలు చెప్పే ‘డేర్’ కార్యక్రమం 1983లో మొదలై దేశమంతా పాకింది. దాని అధ్యయనాలను కలిపి చూసిన 1994 నాటి విశ్లేషణలో మాదకద్రవ్యాల వాడకంపై ప్రభావం చాలా స్వల్పమని తేలింది. అదే దేశంలో 1998లో మొదలైన మత్తు వ్యతిరేక భారీ ప్రకటనల ప్రచారాన్ని 2004 వరకు మూల్యాంకనం చేస్తే, అది గంజాయి వాడకాన్ని తగ్గించిన ఆధారమే దొరకలేదు. పైగా ప్రకటనలు ఎక్కువగా చూసిన పిల్లల్లో ‘మిగతావాళ్లంతా వాడుతున్నారేమో’ అన్న భావన పెరిగిన సూచనలు వచ్చాయి.

కొత్త కార్యక్రమమైతే మూల్యాంకనం ఇంకా తేలిక. అన్ని జిల్లాల్లో ఒకే ఏడాది మొదలుపెట్టడానికి ఎలాగూ సిబ్బంది చాలరు. ముందు ఏ జిల్లాలో అన్నది లాటరీ తీయండి. తర్వాతి వంతు జిల్లాలే పోలికకు పనికొస్తాయి. ఈ ఒక్క ఏర్పాటు విడిగా పెద్ద అధ్యయనం పెట్టే ఖర్చును చాలావరకు తగ్గిస్తుంది. సిఫారసుల ఒత్తిడి కూడా తగ్గుతుంది, అది మరో లాభం.

మార్కులు వేయించేటప్పుడు సమావేశం పెట్టకండి. పిల్లల ఆరోగ్య పరిశోధనలో ప్రాధాన్యాలు తేల్చడం కోసం రూపొందిన సీహెచ్‌ఎన్‌ఆర్‌ఐ పద్ధతిలో ప్రతి ఒక్కరూ విడిగా, ఇతరులు ఏం వేశారో చూడకుండా, ప్రతి ప్రశ్నకూ ప్రమాణాల వారీగా అవును అంటే 1, కాదు అంటే 0, తేల్చుకోలేకపోతే 0.5 వేస్తారు. తెలియని విషయమైతే గడి ఖాళీగా వదిలేస్తారు. నేను అయిదు ప్రమాణాలకు మించి పెట్టను: జవాబు దొరుకుతుందా, నిర్ణయం తేదీలోపు దొరుకుతుందా, ఆ ప్రయత్నాన్ని మన సిబ్బంది నడపగలరా, ఎంతమందికి చేరుతుంది, వెనుకబడినవారికి మేలు చేస్తుందా. నాలుగోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. బ్రిటన్ ప్రజారోగ్య శాస్త్రవేత్త జెఫ్రీ రోజ్ 1980లలో చెప్పినట్టు, అధిక ప్రమాదంలో ఉన్న కొద్దిమంది కంటే స్వల్ప ప్రమాదంలో ఉన్న ఎక్కువమంది నుంచే ఎక్కువ కేసులు రావచ్చు.

సగటు చూసి సంబరపడవద్దు. మార్కులు రెండు వైపులా చీలిపోయిన ప్రశ్నలను విడిగా తీసి, సమావేశం సమయమంతా వాటికే ఇవ్వండి. అందరూ ఒప్పుకున్నదాన్ని మళ్లీ చర్చించడం టీ ఖర్చు.

మార్కులు వేసేవారిలో నర్సులు, బడి ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, వ్యసనం నుంచి బయటపడినవారు తప్పక ఉండాలి. యువతను మాత్రం అధికారుల మధ్య ఒక్కరినే కూర్చోబెట్టకండి, వారు మాట్లాడరు. వారికి వేరే గది, వేరే రోజు ఇచ్చి, వారి మార్కులను వేరే వరుసలో చూపండి. మద్యం, పొగాకు వ్యాపారులకు ఈ పనిలో చోటు లేదు. 2005లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ పొగాకు నియంత్రణ ఒడంబడికలోని 5.3 అధికరణం ప్రజారోగ్య విధానాలను పొగాకు పరిశ్రమ ప్రయోజనాల నుంచి కాపాడాలంటుంది. మద్యానికీ అదే సూత్రం పాటించడం మేలు. పరిశోధకులు తాము పంపిన ప్రశ్నకు తామే మార్కులు వేసుకోకూడదని వేరే చెప్పాలా!

చివరి జాబితా పదికి మించితే అది ప్రాధాన్యాల జాబితా కాదు. ఒక్కో ప్రశ్న పక్కన ఎవరు చేస్తారు, ఎంత అవుతుంది, ఏ నిర్ణయానికి, ఏ తేదీలోపు అన్నవి రాయండి. నిధుల్లో కొంత భాగాన్ని ఏ ప్రశ్నకూ కేటాయించకుండా పక్కన పెట్టండి. కొత్త పదార్థం నిజంగానే వస్తే, దాని జాడ పట్టే మురుగునీటి పరీక్షలకో, అత్యవసర విభాగాల నుంచి వేగంగా సమాచారం తెప్పించుకోవడానికో అది అక్కరకొస్తుంది.

ఇంకొక కాగితం కూడా ఉండాలి: ఈ విడతలో చేయనివి, ఎందుకు చేయడం లేదో. దాన్ని మొదటి జాబితాతో కలిపే ప్రచురించండి. ఆరు నెలల తర్వాత పలుకుబడి ఉన్న ఎవరో తమ అంశాన్ని దొడ్డిదారిన చేర్చమని ఫోన్ చేస్తారు. అప్పుడు మీరు వాదించనక్కరలేదు. కమిటీ మొత్తం సంతకం చేసిన ఆ పేజీని పంపి, నిర్ణయాల పట్టికలో వారి ప్రశ్న ఏ వరుసకు తగులుతుందో రాసి పంపమని అడగండి. రాసి పంపినవాటిని వచ్చే ఏడాది సమీక్షలో మిగతావాటితో పాటే మార్కులకు పెట్టండి.